తెరమీది ఆహార్యం: తెలుగు చలనచిత్ర కళాదర్శకుల వృత్తి చరిత్ర

తెలుగు సినిమా చరిత్ర రాసినవారు నటీనటుల గురించి, దర్శకుల గురించి, పాటల గురించి విస్తారంగా రాశారు గాని, ఆ నటులు దాటిన గడపలను, నడిచిన వీధులను, చేతబట్టిన ఆయుధాలను, ఎక్కిన సింహాసనాలను కల్పించిన కళాదర్శకుల వృత్తికి ఆ చరిత్రలో దక్కిన చోటు స్వల్పం. కథ ఏ కాలానిది, పాత్ర ఏ స్థాయిది, ఆ ఇంట్లో కలిమి ఉందా లేమి ఉందా అన్న సంగతులు సంభాషణ మొదలు కాకముందే ప్రేక్షకుడికి అందుతున్నాయంటే అది కళాదర్శకుడు చేసిన పని. నటుడి పనీ కళాదర్శకుడి పనీ వేర్వేరు శాఖలుగా నేడు కనిపిస్తున్నా, తెలుగువారి రంగస్థలం మీద ఆ రెండూ చాలాకాలం ఒకే కుటుంబంలో, తరచు ఒకే మనిషిలో కలిసి ఉండేవి. ఆ రెండూ విడిపోయిన తీరును, ఒక వృత్తిగా కళాదర్శకత్వం ఎదిగిన తీరును పరిశీలిస్తే, తెరమీది వస్తువుకూ అభినయంలో భాగం ఉందన్న ప్రాచీన భావన నేటి స్టూడియోలలోనూ నిలిచి ఉందని తెలుస్తుంది.

ఆహార్యమూ అభినయమే

భరతుడి నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు విధాలుగా విభజించింది. శరీరావయవాలతో చేసేది ఆంగికం, మాటతో చేసేది వాచికం, మనోభావం వల్ల కలిగేది సాత్వికం కాగా, వేషభూషలతోను, రంగస్థల వస్తువులతోను సాధించేది ఆహార్యం. ఈ ఆహార్యంలో పుస్తం, అలంకారం, అంగరచన, సంజీవం అని నాలుగు అంగాలున్నాయి. అలంకారం అంటే పూలు, నగలు, వస్త్రాలు. అంగరచన అంటే శరీరానికి రంగులు పూయడం. సంజీవం అంటే ప్రాణులను రంగం మీదికి తేవడం. పుస్తం అంటే కొండలు, వాహనాలు, విమానాలు, డాళ్ళు, కవచాలు, ధ్వజాలు వంటివాటికి నమూనాలు తయారుచేయడం. ఆ నమూనాలలోనూ చాప, గుడ్డ, తోలు వంటివాటిని అతికి చేసేవి కొన్నైతే, యంత్రంతో కదిలేవి మరికొన్ని. ఆయుధాలనూ ఆభరణాలనూ బరువైన లోహంతో చేస్తే నటుడు అలసిపోతాడని, అందువల్ల వెదురు, లక్క, గుడ్డ వంటి తేలిక పదార్థాలు వాడాలని శాస్త్రకారుడు సూచించాడు. రంగస్థల వస్తువు చూపులకు నిజంగా ఉండాలి, నటుడి శరీరానికి మాత్రం అనుకూలంగా ఉండాలి అన్న ఈ నియమం కళాదర్శకుడి వృత్తికి నేటికీ మూలసూత్రమే.

సురభి సంప్రదాయం

ఆధునిక కాలంలో ఈ సూత్రాన్ని తెలుగునాట ఊరూరా ఆచరించి చూపినవారు సురభి నాటక సమాజాలవారు. కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన ఈ సంప్రదాయంలో కుటుంబమంతా నాటకానికి అంకితమయ్యేది. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించేవారు. పిల్లలు ఉయ్యాల వయసు నుంచే రంగం మీదికి వచ్చేవారు. సాయంత్రం కిరీటం పెట్టుకునే నటుడే పగటిపూట తెరలకు రంగులు వేయడం, కొయ్య చట్రాలు బిగించడం, తాళ్ళూ కప్పీలూ సరిచూడడం వంటి పనులు చేసేవాడు. అడవి తెర, వీధి తెర, దర్బారు తెర వరుసగా వేలాడదీసి, ఒకటి పైకి లేస్తుండగానే మరొకటి దిగేలా అమర్చడం వల్ల కథ ఆగకుండా సాగేది. మంటలు లేవడం, వాన కురవడం, దేవతలు ఆకాశం నుంచి దిగడం, మాయాబజార్ నాటకంలో ఘటోత్కచుడి మాయలు కళ్ళెదుట జరగడం సురభి ప్రదర్శనలకు ప్రత్యేక ఆకర్షణలయ్యాయి. వీటి వెనుక ఉన్న సాధనాలు తాడు, కప్పీ, గుడ్డ, దీపం మాత్రమే. వాటిని నడిపే చేతులు నటన తెలిసిన చేతులు కావడం వల్ల, మాయ ఏ మాట దగ్గర జరగాలో, ఏ పద్యం తర్వాత తెర లేవాలో వారికి ఒకరు చెప్పవలసిన అవసరం ఉండేది కాదు. 1990లలో బి.వి. కారంత్ వంటి జాతీయస్థాయి రంగస్థల దర్శకుడు సురభి కళాకారులతో కలిసి నాటకాలు రూపొందించడం, సురభి బాబ్జీగా ప్రసిద్ధుడైన నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ రావడం ఈ సమాజాల సామర్థ్యానికి ఆలస్యంగానైనా లభించిన గుర్తింపు.

తొలి టాకీలు, బందరు చిత్రకళ

తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో బొంబాయిలోని సాగర్ మూవీటోన్ నిర్మించిన ఆ చిత్రంలో లీలావతి పాత్రను సురభి కమలాబాయి ధరించారు. నాటకంతో పాటు నాటకపు తెర కూడా సినిమాలోకి వచ్చిందనడం అతిశయోక్తి కాదు. ఎందుకంటే తొలి టాకీలలో చాలావరకు నటుల వెనుక రంగులు వేసిన తెర ఉండేది, ముందు కెమెరా కదలకుండా నిలిచేది. దూరాన కూర్చున్న నాటక ప్రేక్షకుడికి నిజంగా కనిపించే తెర, కెమెరా దగ్గరగా చూసేసరికి గుడ్డగానే కనిపించడం తొలి నిర్మాతలకు ఎదురైన పెద్ద సమస్య. గోడకు మందం, స్తంభానికి గుండ్రదనం, తలుపుకు బరువు ఉన్నాయని నమ్మించాలంటే చిత్రకారుడి ఊహకు వడ్రంగి పని తోడు కావలసి వచ్చింది.

ఈ దశలో సినిమాకు చదువుకున్న చిత్రకారుడిని అందించినది బందరు. బందరులో, అంటే మచిలీపట్నంలో, 1910లో స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ వద్ద చిత్రలేఖనం నేర్చిన అడివి బాపిరాజు, 1930లలో సి. పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన అనసూయ, ధ్రువవిజయం చిత్రాలకు కళాదర్శకత్వం వహించారు. చిత్రకారుడిగా, కవిగా, హిమబిందు, గోన గన్నారెడ్డి వంటి చారిత్రక నవలల రచయితగా బాపిరాజు ప్రసిద్ధులు. శాతవాహనుల కాలాన్నీ కాకతీయుల కాలాన్నీ నవలల్లో పునర్నిర్మించిన ఆ దృష్టి, పురాణ కథకు ఏ కట్టడం, ఏ నగ, ఏ వస్త్రం తగినదో ఆలోచించే కళాదర్శకుడి దృష్టికి దగ్గరిది. పౌరాణిక చిత్రానికి శిల్పాలూ కుడ్యచిత్రాలూ ఆధారం కావాలన్న స్పృహ తెలుగు సినిమాలోకి ఇటువంటి సాహితీవేత్తల ద్వారానే ప్రవేశించింది.

మద్రాసు స్టూడియోల యుగం

1940ల చివర మద్రాసులో వాహినీ స్టూడియో ఏర్పడి, తరువాత విజయా సంస్థ చేతుల్లో విజయవాహినిగా విస్తరించాక, కళాదర్శక శాఖ ఒక పూర్తిస్థాయి కార్ఖానాగా రూపొందింది. కళాదర్శకుడు ముందుగా కథ విని బొమ్మలు గీస్తాడు; దర్శకుడు, ఛాయాగ్రాహకుడు అంగీకరించాక కొలతలతో నక్షా తయారవుతుంది; వడ్రంగులు కొయ్య చట్రాలు కట్టి వాటిపై గుడ్డ లేదా ప్లైవుడ్ బిగించి గోడలు లేపుతారు; అచ్చు పనివారు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో స్తంభాల మీది లతలు, ద్వారాల మీది మకరతోరణాలు పోతపోస్తారు; చివర రంగులవారు ఆ ప్లాస్టరును రాయిగా, కొయ్యగా, బంగారంగా మారుస్తారు. సెట్టుకు సాధారణంగా మూడు గోడలే ఉంటాయి. నాలుగో వైపు కెమెరాకు, దీపాలకు, సిబ్బందికి వదిలిన చోటు. కెమెరా ఎటు తిరగాలో ముందే తెలిస్తే గాని ఏ గోడ కట్టాలో, ఏ గోడను ఊడదీసేలా ఉంచాలో నిర్ణయం కాదు కాబట్టి, కళాదర్శకుడు చిత్రీకరణకు ముందే సినిమాను మనసులో చూడవలసి ఉంటుంది.

నలుపు తెలుపు చిత్రాల కాలంలో రంగు ఎంపిక మరింత సూక్ష్మమైన విద్య. కంటికి వేరుగా కనిపించే ఎరుపు, ఆకుపచ్చ ఫిల్ము మీద ఒకే బూడిద ఛాయలో కలిసిపోవచ్చు. స్వచ్ఛమైన తెలుపు దీపాల వెలుగుకు మెరిసి నటుడి ముఖాన్ని మింగేయవచ్చు. అందువల్ల తెల్లగా కనిపించవలసిన గోడకూ చీరకూ కాస్త రంగు కలిపిన ఛాయలు వాడేవారు. సెట్టు ఎదుట నిలబడినవారికి వింతగా తోచే రంగులు తెరమీద సమతూకంగా కనిపించేవంటే, కళాదర్శకుడు ప్రతి రంగునూ బూడిద ఛాయగా తర్జుమా చేసి చూడగలిగినందువల్లనే.

ఈ యుగపు తొలి ప్రముఖుల్లో ఎ.కె. శేఖర్ ఒకరు. జెమినీ సంస్థ 1948లో విడుదల చేసిన చంద్రలేఖలో పెద్ద పెద్ద ఢక్కాల మీద నర్తకులు ఆడే ఘట్టానికి రూపకల్పన చేసినది ఆయనే, బి.ఎన్. రెడ్డి 1951లో తీసిన మల్లీశ్వరిలో విజయనగర కాలపు పల్లెనూ అంతఃపురాన్నీ నిర్మించినదీ ఆయనే. మొదటిదానిలో వైభవం, రెండోదానిలో సౌమ్యత కనబరచిన శేఖర్, సెట్టు పరిమాణాన్ని కథ నిర్ణయించాలన్న విషయాన్ని ఆచరణలో చూపారు.

అదే 1951లో వచ్చిన పాతాళభైరవితో మాధవపెద్ది గోఖలే, కళాధర్ జంట పేరు మార్మోగింది. గుంటూరు జిల్లా బ్రాహ్మణకోడూరులో 1917లో పుట్టిన గోఖలే మద్రాసులో చిత్రకళ అభ్యసించినవాడు, పత్రికలకు బొమ్మలు వేసినవాడు, పల్లె జీవితాన్ని కథలుగా రాసిన రచయిత. పాతాళభైరవి 1952లో జరిగిన భారత తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి వెళ్ళింది. ఆ చిత్రంలో గుహలో నిలిచిన పాతాళభైరవి విగ్రహం లేకపోతే మాంత్రికుడి క్రూరత్వానికీ కథానాయకుడు తోట రాముడి సాహసానికీ తగిన భూమిక ఉండేది కాదు.

ఈ జంట ప్రతిభకు శిఖరం 1957 మార్చిలో విడుదలైన మాయాబజార్. కె.వి. రెడ్డి దర్శకత్వంలో తెలుగు, తమిళ భాషల్లో తయారైన ఆ చిత్రానికి వడ్రంగులు, రంగులవారు, దీపాలవారు కలిపి సుమారు 400 మంది సిబ్బంది పనిచేశారు. ద్వారకానగరాన్ని చూపడానికి దాదాపు 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు స్థలంలో ఒకదానితో ఒకటి పోలిక లేని సుమారు 300 బుల్లి ఇళ్ళు కట్టి, వాటిలో విద్యుద్దీపాలు వెలిగించారు. ఇలా చిన్న కొలతలో చేసిన నమూనాను మినియేచర్ అంటారు. మార్కస్ బార్ట్లీ కెమెరా దాని మీదుగా కదిలినప్పుడు ప్రేక్షకుడికి అది మహానగరంగా తోచడానికి కారణం ఇళ్ళ సంఖ్య కన్నా, ప్రతి ఇంటికీ వేరు ముఖం ఇవ్వడంలో చూపిన ఓపిక. ఒకే అచ్చులో పోసిన 300 ఇళ్ళు బొమ్మల కొలువులా కనిపించి ఉండేవి.

మాయాబజార్‌లో వస్తువులు అలంకారంగా ఆగిపోలేదు, పాత్రలుగా నటించాయి. ప్రియమైనవారిని చూపే ప్రియదర్శిని పేటికలో శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. మగపెళ్ళివారిని ముప్పుతిప్పలు పెట్టే గింబళి అనే తివాచీ, తల్పం హాస్యాన్ని మాట అవసరం లేకుండా పండిస్తాయి. సత్యపీఠం మీద కాలు పెట్టిన శకుని నోటి నుంచి తన కుట్ర తానే బయటపడి కథ ముగింపుకు వస్తుంది. పేటిక, తివాచీ, మంచం, పీట అనే నాలుగు గృహోపకరణాలు కథాగమనాన్ని ఇంతగా నడిపించిన చిత్రం మరొకటి చూపడం కష్టం. సురభి రంగస్థలం మీద తాడూ కప్పీ చేసిన మాయ, ఇక్కడ నక్షాలోకి, కెమెరా లెక్కలోకి మారింది.

1963లో వచ్చిన నర్తనశాలకు కళాదర్శకత్వం వహించిన టి.వి.ఎస్. శర్మ, జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ కళాదర్శకుడిగా బహుమతి అందుకున్నారు. అదే చిత్రానికి ఎస్.వి. రంగారావు ఉత్తమ నటుడిగా ఎంపిక కావడం గమనించదగినది. కీచకుడిగా ఆయన నడకలోని దర్పానికి విరాటుడి కొలువు, ఆ కొలువుకు ఆ నడక పరస్పరం బలం చేకూర్చాయని విదేశీ న్యాయనిర్ణేతలు గుర్తించినట్టే.

తోటవారి పరంపర

పౌరాణికాల ప్రాబల్యం తగ్గి, రంగుల చిత్రాలు, సహజ స్థలాల్లో చిత్రీకరణ పెరిగాక కళాదర్శకుడి అవసరం తీరిపోయిందని భావించినవారున్నారు. ఆ అభిప్రాయం సరికాదని నిరూపించినవారిలో తోట తరణి అగ్రగణ్యుడు. 1949లో మచిలీపట్నంలో జన్మించిన తరణి, కళాదర్శకుడైన తండ్రి తోట వెంకటేశ్వరరావు వద్ద స్టూడియో పని నేర్చి, మద్రాసులో చిత్రకళ చదివి, విశ్వనాథ్ తీసిన సాగరసంగమం వంటి చిత్రాలకు పనిచేశారు. 1987లో మణిరత్నం తీసిన నాయకన్ కోసం బొంబాయి ధారావి మురికివాడను మద్రాసులోని వీనస్ స్టూడియోలో నిర్మించి ఉత్తమ కళాదర్శకుడిగా జాతీయ పురస్కారం పొందారు. 1996 నాటి ఇండియన్, అంటే తెలుగులో భారతీయుడు, మరో జాతీయ పురస్కారం తెచ్చింది. 2001లో పద్మశ్రీ వరించింది.

రాజప్రాసాదం కట్టడం కన్నా మురికివాడ కట్టడం కష్టం. ప్రాసాదాన్ని ప్రేక్షకుడు ఎన్నడూ చూసి ఉండడు కాబట్టి కళాదర్శకుడి ఊహను ఒప్పుకుంటాడు. రేకుల కప్పు, తడిసిన గోడ, ఇరుకు సందు, మురుగు కాలువ అతనికి నిత్యం తెలిసినవే కాబట్టి ఒక్క మేకు కొత్తగా మెరిసినా పట్టేస్తాడు. కొత్తగా కట్టినదాన్ని పాతబడినట్టు చేయడానికి రంగును పొరలు పొరలుగా పూసి గీకడం, పొగ పట్టించడం, చేతులు తగిలే చోట జిడ్డు మరక దించడం వంటి పనులు అవసరమవుతాయి. మనుషులు అక్కడ ఏళ్ళ తరబడి బతికారన్న నమ్మకం కలగాలంటే, వారు ఎక్కడ చేయి ఆన్చేవారో, ఎక్కడ బట్టలు ఆరేసేవారో తెలిసి ఉండాలి. నటుడు పాత్ర గత జీవితాన్ని ఊహించుకున్నట్టే కళాదర్శకుడు గోడ గత జీవితాన్ని ఊహించుకుంటాడు.

హైదరాబాదు, నగరంలో నగరాలు

తెలుగు పరిశ్రమ క్రమంగా మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలిరావడంతో కళాదర్శకుల పరిధి స్టూడియో ఫ్లోరు దాటి మైదానాలకు విస్తరించింది. శ్యామ్ బెనెగల్ భువనగిరిలో చిత్రీకరించిన 1983 నాటి మండీకి కళాదర్శకత్వం వహించి జాతీయ పురస్కారం పొందిన నితీశ్ రాయ్, 1996లో ప్రారంభమైన రామోజీ ఫిల్మ్ సిటీ రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించారు. గుణశేఖర్ దర్శకత్వంలో 2003లో విడుదలైన ఒక్కడు చిత్రం కోసం కళాదర్శకుడు అశోక్ చార్మినార్‌ను, దాని చుట్టుపక్కల ఇళ్ళను హైదరాబాదులోనే సెట్టుగా నిర్మించారు. అసలు చార్మినార్ కొద్ది దూరంలో ఉన్నా, జనసమ్మర్దంలో రాత్రింబవళ్ళు పోరాట దృశ్యాలు తీయడం అసాధ్యం కావడమే ఆ నిర్మాణానికి కారణం. 2004లో అదే దర్శకుడి అర్జున్ కోసం తరణి మదురై మీనాక్షి ఆలయాన్ని హైదరాబాదు శివార్లలో నిలబెట్టారు. 2018 నాటి రంగస్థలంలో రామకృష్ణ, మోనిక దంపతులు 1980ల నాటి గోదావరి పల్లెను సెట్టుగా మలచి, తెలుగు ప్రేక్షకుడికి అత్యంత పరిచితమైన వాతావరణాన్ని కూడా కల్పించవచ్చని చూపారు.

ఈ కాలంలోనే ప్రొడక్షన్ డిజైనర్ అనే పదవి తెలుగు చిత్రాల పేర్ల పట్టికలోకి వచ్చింది. హాలీవుడ్‌లో 1939 నాటి గాన్ విత్ ద విండ్ చిత్రానికి విలియం కామెరాన్ మెంజీస్ చేసిన విస్తృతమైన పనిని గుర్తిస్తూ ఆ పేరు వాడుకలోకి వచ్చింది. కళాదర్శకుడు సెట్టు నిర్మాణాన్ని చూసుకుంటే, ప్రొడక్షన్ డిజైనర్ సెట్టు, సామగ్రి, వర్ణసమ్మేళనం మొదలైనవన్నీ కలిపి చిత్రానికంతటికీ ఒక దృశ్యరూపం నిర్ణయిస్తాడు. విజయవాహినిలో గోఖలే, శేఖర్ చేసిన పని చాలావరకు ఈ కొత్త పదవి పరిధిలోకే వస్తుంది కాబట్టి, పదవి కొత్తదైనా పని తెలుగువారికి పాతదే.

నటించిన రూపశిల్పి

నటనా రూపకల్పనా ఒకే వ్యక్తిలో మళ్ళీ కలిసిన ఉదాహరణ సాబు సిరిల్. 1962లో తమిళనాడులోని వాల్పారైలో పుట్టిన ఈ మలయాళ కళాదర్శకుడు తేన్మావిన్ కొంబత్తు, కాలాపానీ, ఓం శాంతి ఓం చిత్రాలకు జాతీయ పురస్కారాలు పొందాడు. 2010లో శంకర్ తీసిన ఎందిరన్, అంటే తెలుగులో రోబో, ఆయనకు మరో జాతీయ పురస్కారం తెచ్చింది; అదే చిత్రంలో షా అనే చిన్న పాత్రలో ఆయన నటించాడు కూడా. తాను కట్టిన లోకంలో తానే పాత్రగా నిలబడిన ఈ సందర్భం, సురభి నటుడు తాను రంగులు వేసిన తెర ముందు పద్యం పాడిన సంప్రదాయానికి ఆధునిక రూపం.

తెలుగులో ఆయన పేరు స్థిరపడినది 2015, 2017లలో వచ్చిన బాహుబలి రెండు భాగాలతో. రామోజీ ఫిల్మ్ సిటీలో మాహిష్మతి కోటగుమ్మాలు, రాజసభ, వీధులు నిర్మించడంతో పాటు యుద్ధసామగ్రిని కూడా ఆయన బృందమే రూపొందించింది. భల్లాలదేవుడి రథానికి ముందు తిరిగే కత్తులను నడపడానికి రాయల్ ఎన్‌ఫీల్డ్ మోటారు సైకిలు ఇంజను అమర్చారు. నెలల తరబడి కత్తియుద్ధాలు చేయవలసిన నటుల కోసం ఉక్కుకు బదులు కార్బన్ ఫైబర్ అనే తేలికైన, దృఢమైన పదార్థంతో ఆయుధాలు తయారుచేశారు. వెదురు, లక్క వాడమని నాట్యశాస్త్రం చెప్పిన కారణమే ఇక్కడా పనిచేసింది. యంత్రంతో కదిలే నమూనా గురించి ఆ శాస్త్రం చేసిన విభాగానికి ఆ రథం సరైన ఉదాహరణ. 2024 నాటి కల్కి 2898 ఏడీ కోసం మోటారు వాహన ఇంజనీర్ల సహాయంతో నిజంగా రోడ్డు మీద నడిచే బుజ్జి అనే వాహనాన్ని నిర్మించడం అదే మార్గంలో మరో అడుగు. కంప్యూటరు దృశ్యాలు విస్తరించిన కాలంలోనూ నటుడు తాకగలిగే వస్తువు అవసరం తగ్గలేదు. ఎందుకంటే చేతికి బరువు తగిలినప్పుడు ముఖంలో కలిగే మార్పును కంప్యూటరు తరువాత చేర్చలేదు.

మిగలవలసిన ఆధారాలు

ఈ వృత్తి చరిత్రలో పెద్ద నష్టం సెట్ల ఆయుష్షు స్వల్పం కావడం. చిత్రీకరణ ముగిసిన మరునాడే కొయ్య మరో సెట్టుకు పోతుంది, ప్లాస్టరు పొడి అవుతుంది, స్థలం ఖాళీ చేయాలి. పాట రికార్డుగా, సంభాషణ పుస్తకంగా మిగిలినట్టు సెట్టు మిగలదు. మాయాబజార్‌కు 2010లో రంగులు అద్ది మళ్ళీ విడుదల చేసినప్పుడు కొత్త తరం గోఖలే, కళాధర్‌ల పనితనాన్ని పెద్ద తెరమీద చూడగలిగింది గాని, ఆ ద్వారకను కట్టిన పద్ధతి నేర్పే నక్షాలు, కొలతలు, అచ్చులు విద్యార్థికి అందేలా ఒకచోట భద్రపరచిన ప్రదర్శనశాల తెలుగు రాష్ట్రాలలో ఏర్పడవలసి ఉంది. కళాదర్శకులు గీసిన బొమ్మలు, నక్షాలు, వాడిన సామగ్రి వారి కుటుంబాల వద్ద, స్టూడియోల గోదాముల్లో ఉన్నంతలోనే సేకరించడం విశ్వవిద్యాలయాల లలితకళా శాఖలు, రెండు రాష్ట్రాల చలనచిత్ర అభివృద్ధి సంస్థలు, నిర్మాణ సంస్థలు కలిసి చేపట్టవలసిన పని. వడ్రంగి, అచ్చు పనివాడు, రంగులవాడు చెప్పే పనిముచ్చట్లను కూడా వారుండగానే రికార్డు చేయాలి. నటుల జయంతులు జరుపుకునే తెలుగు సమాజం, ఆ నటులకు నిలువ నీడ కట్టినవారి పనిని భద్రపరచే బాధ్యతను ఇకనైనా స్వీకరించాలి.